అప్‌డేట్: ఫెక్‌బీ పొట్టేలు దాటినా ఒంటి పిల్లలే, కారణం దొరికింది

ఈతకు ఒకటికి మించి పిల్లలు పుట్టేలా చేసే ఫెక్‌బీ జన్యువున్న నారి సువర్ణ జాతి పొట్టేలుతో దాటించినా బన్నూరు జాతి గొర్రెలు ఒక్కో పిల్లనే, అదీ 146 రోజులకే ఈనుతున్నాయేమని అడిగాను కదా (దొడ్డబళ్ళాపుర దగ్గరి మంద). ఆడవాటికీ రక్తపరీక్ష చేయించమన్నవారికి థాంక్స్, గుట్టు అక్కడే ఉంది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఊదా మూత ఈడీటీఏ ట్యూబుల్లో పంపితే, పీసీఆర్ అనే జన్యు పరీక్షలో పొట్టేలుకి ఫెక్‌బీ రెండు కాపీలూ (తల్లి వైపుదీ, తండ్రి వైపుదీ) ఉన్నాయి, గొర్రెల్లో ఒక్కదానికీ లేదు. ఎన్ని అండాలు విడుదలవుతాయో తేల్చేది తల్లి జన్యువే. పొట్టేలు ఫలితం కనిపించేది దాని కూతుళ్ల ఈతల్లో. వాటన్నిటికీ ఒక కాపీ ఖాయం. ఆ కూతుళ్లను మళ్లీ తండ్రితో దాటించకండి, దగ్గరి రక్తసంబంధం ఎలాగూ మంచిది కాదు, పైగా అలా రెండు కాపీలు వచ్చినవాటికి మూడేసి పిల్లలు పుడితే పాలు చాలవు.

146 రోజులు మామూలే. కడుపులో పిల్ల జన్యువులు కూడా, అంటే తండ్రి వైపువీ, ఈత రోజును కాస్త జరుపుతాయి. మేతలో లోపమనుకుని మినరల్ మిక్చర్ మార్చడం దండగైంది.