అమ్మతో బెజవాడ: పాయింట్లతో ఏ హోటల్ మేలు?

విజయవాడ వాళ్లు కాస్త సలహా ఇవ్వండి. సంక్రాంతి సెలవులు అయ్యాక అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో వైజాగ్ నుంచి వస్తున్నాం. ఆఫీసు ప్రయాణాల వల్ల అకార్ (నోవోటెల్ హోటళ్లు నడిపే సంస్థ) పాయింట్లు బాగానే పోగయ్యాయి. 2,000 పాయింట్లకు 40 యూరోల తగ్గింపు లెక్కన భారతీనగర్ నోవోటెల్‌లో గదుల ఖర్చు చాలావరకు తీరిపోతుంది. టాటా వాళ్ల రివార్డు పాయింట్లు, అదే న్యూకాయిన్లు కూడా ఉన్నాయి, ఒక్కోటి ఒక రూపాయి. వాటితో బందరు రోడ్డులో టాటా వాళ్ల హోటల్ వివాంటా చూడొచ్చు, కానీ చేతి నుంచి ఎక్కువే పడుతుంది.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. మోకాళ్ల నొప్పులు. నాలుగు మెట్లు ఎక్కితే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతుంది. అయినా తెల్లవారుజామునే దుర్గమ్మ దర్శనం చేసుకోవాలని ఆవిడ పట్టుదల. ఆ వేళ భారతీనగర్ నుంచి ఇంద్రకీలాద్రికి ఆటో, క్యాబ్ సులువుగా దొరుకుతాయా? కొండపైన లిఫ్ట్ దాకా ఎంత నడవాలి?

పిల్లలకు భవానీ ద్వీపం పడవ, నాకు ఉండవల్లి గుహల్లో శయనించిన అనంతపద్మనాభస్వామిని చూడాలని ఉంది. కొండపల్లి బొమ్మలు వీలుంటేనే.

పాయింట్లు మిగిలినా పర్వాలేదు, అమ్మ అలసిపోకూడదు. మీరైతే ఎక్కడ దిగుతారు? పక్కపక్క గదులు అడిగితే ఇస్తారా?