వేరేవాళ్ల రెయిడ్‌లో దొరికిన కాగితంతో మనకు 148 నోటీసు, నిలబడుతుందా?

ప్లాటుకొన్నవాడు: మాకు ప్లాటు అమ్మిన బిల్డర్ మీద 2022లో ఐటీ సోదా జరిగింది. అక్కడ దొరికిన ఎక్సెల్ షీట్‌లో మా ప్లాటు నంబరు, పక్కన ‘క్యాష్ 14’ అని ఉందట. ఇప్పుడు నాకు 148 నోటీసు, అంటే పాత అసెస్‌మెంట్‌ని మళ్లీ తెరుస్తామనే ఐటీ నోటీసు. మేం కట్టిందంతా చెక్కుల్లోనే. ముందుగా ‘ఎందుకు తెరవకూడదో చెప్పండి’ అనే 148ఏ షోకాజ్ కూడా ఇవ్వలేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఇది చెల్లుతుందా?

పాతఫైలు: ముందు సోదా తేదీ చూడాలండి. 2021 మార్చి 31 లోపు సోదాలైతే మనలాంటి మూడో మనిషికి 153సీ, అంటే వేరేవాళ్ల సోదాలో దొరికినదాంతో చేసే అసెస్‌మెంట్. 2021 ఏప్రిల్ 1 నుంచి 2024 ఆగస్టు 31 వరకు 148. ఆ తర్వాతవి కొన్నేళ్లకు కలిపి చేసే బ్లాక్ అసెస్‌మెంట్. మీది మధ్యది. సోదా కాగితాలతో వచ్చే కేసుల్లో 148ఏ షోకాజ్ అక్కర్లేదని చట్టమే చెప్పింది, దాని మీద ఆశ పెట్టుకోకండి. కమిషనర్ ముందస్తు అనుమతి ఉందా, ఆ కాగితం మీకు ఎలా సంబంధమో అధికారి రాసుకున్నారా, అవి పట్టుకోండి.

కిరాణా72: అభిసార్ బిల్డ్‌వెల్ తీర్పు చూపిస్తే అయిపోదా?

పాతఫైలు: అందరూ ఇదే అంటారు! 2023లో సుప్రీంకోర్టు చెప్పింది 153ఏ గురించి, అంటే సోదా జరిగినవాళ్ల అసెస్‌మెంట్ సెక్షన్ గురించి. సోదాలో ఆధారం దొరక్కపోతే, ముగిసిపోయిన అసెస్‌మెంట్లను ఆ సెక్షన్ కింద కదపకూడదని. షరతులు కుదిరితే మళ్లీ తెరిచే సెక్షన్లు 147, 148 వాడుకోవచ్చని అదే తీర్పులో ఉంది.

చీటీకేసు: మాదీ ఇలాంటిదే. రిటర్న్ వేసేసి, ఆ కాగితం కాపీ, అమ్మినాయన స్టేట్‌మెంటు, ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం లిఖితపూర్వకంగా అడిగాం. చేతికొచ్చింది ఒక చీటీ: ‘ఎస్.ఆర్. – 9’. సంతకం లేదు, తేదీ లేదు. తొమ్మిది వేలో, లక్షలో కూడా రాయలేదు! దొరికిన కాగితం వాళ్లదే, అందులో రాసింది నిజమే అనుకునే 292సీ ఊహ ఎవరి దగ్గర కాగితం దొరికిందో వాళ్లకే వర్తిస్తుందని వాదించాం. క్రాస్‌కి అవకాశం ఇవ్వనందుకు 2015 నాటి ఆండమాన్ టింబర్ సుప్రీంకోర్టు తీర్పు చూపించాం. అసెస్‌మెంట్‌లో వినకుండా ఆ మొత్తం ఆదాయానికి కలిపేశారు, అప్పీల్లో తీసేశారు. నోటీసు మాత్రం చెల్లుతుందనే అన్నారు.

పాతఫైలు: అదే తేడా, నోటీసు నిలవడం వేరు, కలిపిన మొత్తం నిలవడం వేరు. ప్లాటుకొన్నవాడు గారూ, మీ షీట్‌లో ప్లాటు నంబరు ఉంది కాబట్టి ఆ చీటీ కంటే గట్టిది. లెక్క చూపని పెట్టుబడి అని సెక్షన్ 69 కింద ఆదాయానికి కలిపితే సర్‌చార్జి, సెస్సుతో పన్ను 78 శాతం. చెక్కుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అదే లేఅవుట్‌లో అప్పటి రిజిస్ట్రేషన్ ధరలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ప్లాటుకొన్నవాడు: కాపీ అడుగుతూ పోర్టల్‌లో ఈరోజే పెట్టేస్తాను. బిల్డర్ మాత్రం ఫోన్ ఎత్తడం లేదు.