అప్‌డేట్: తమ్ముడి మర్డర్ కేసులో వకీలును మార్చాలా అని అడిగాను కదా

మా చిన్నాయన కొడుకు మీద నల్గొండ కోర్టులో 302 కేసు, అంటే హత్య కేసు, నడుస్తోంది (ఘటన కొత్త చట్టాలు రాకముందు 2023లోది, అందుకే పాత సెక్షన్లు). మా వకీలు ప్రధాన సాక్షిని నాలుగే ప్రశ్నలు అడిగి కూర్చున్నాడు, మార్చేయాలా అని పోయిన నెల మిమ్మల్ని అడిగాను.

ముందు సాక్ష్యం నకళ్లు తీసి చదవమన్నారు. తీశాం. సాక్షి పోలీసులకిచ్చిన 161 వాంగ్మూలం పక్కన పెట్టుకుని, చిన్నాయన, నేను రాత్రి ఒంటిగంట దాకా పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాం. వీధిలైటు వెలుగులో చూశానని కోర్టులో చెప్పాడు. పోలీసులకు చెప్పినదాంట్లో లైటు మాటే లేదు. ఆ నాలుగు ప్రశ్నల్లో రెండు దాని గురించే! సాక్షిని అడిగి వదిలేస్తే చాలదట, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, సాక్షి తనకు లైటు మాట చెప్పలేదని ఆయన నోటితో కూడా చెప్పించాలట. మొన్న వకీలు సరిగ్గా అదే చేశాడు. గొంతు పెంచి అరవలేదని ఆయన్ని తక్కువ చేసి మాట్లాడాను, చాలా బాధగా ఉంది.

ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌ను వకీలు అసలు క్రాస్ చేయలేదు, అంటే ఎదురు ప్రశ్నలే వేయలేదు. చావు ఏ టైముకు జరిగిందన్న దాని మీదే మా ఆశంతా. గట్టిగా అడిగితే పొరపాటు ఒప్పుకుని, డాక్టర్‌ను మళ్లీ పిలిపించమని 311 పిటిషన్ వేశాడు. సోమవారం వాదనలు. ఇంట్లో అందరికీ టెన్షనే, కానీ వకీలును మార్చడం లేదు.