దీర్ఘకాల గర్భనిరోధానికి ముందు ఇంప్లాంటే చెప్పాలా?

సన్నజాజి:
మూడేళ్లదాకా గర్భం వద్దనుకునేవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇంప్లాంట్ (చేతి చర్మం కింద పెట్టే హార్మోన్ కడ్డీ) గురించే, మిగతావన్నీ ఆ తర్వాతే అని నా వాదన. ఇంప్లాంట్ ఉన్న వెయ్యిమందిలో ఏడాదికి గర్భం వచ్చేది ఒకరికి, అదీ ఎక్కువే అనుకోండి. మాత్రలు వాడేవాళ్లలో, మధ్యలో మరిచిపోవడాలు కూడా కలుపుకుంటే, వందకు ఏడుగురు. రోజూ గుర్తుపెట్టుకునే పని లేకపోవడమే ఇంత తేడా తెస్తోంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మందుచీటీ:
గర్భం ఆపడంలో దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. పేచీ అంతా రక్తస్రావం దగ్గరే. కడ్డీలో ఉన్నది 68 మిల్లీగ్రాముల ఎటోనోజెస్ట్రెల్ అనే ప్రొజెస్టోజెన్ రకం హార్మోన్ ఒక్కటే, ఈస్ట్రోజెన్ లేదు. అండం విడుదల ఆగుతుంది, గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడుతుంది. కానీ లోపలి పొర పలచబడి, అందులోని సన్నటి రక్తనాళాలు పెళుసుబారి, ఎప్పుడు పడితే అప్పుడు చుక్కలు చుక్కలుగా అవుతుంది. ఇంప్లాంట్ మీద జరిగిన పరీక్షల్లో తొంభై రోజుల చొప్పున విడగొట్టి చూస్తే, ఐదో వంతుకు కాస్త పైగా వ్యవధుల్లో అసలు రక్తం కనబడలేదు, మూడో వంతులో అరుదుగా కనబడింది. 18 శాతంలో మాత్రం ఏకబిగిన పద్నాలుగు రోజులు దాటింది. జనం మధ్యలో తీయించుకోవడానికి మొదటి కారణం ఇదే. ఈ మాట దాటేసి "వెయ్యికి ఒకరు" అని మాత్రమే చెబితే సగం చెప్పినట్టు.

సన్నజాజి:
దానికి మందులున్నాయిగా?

మందుచీటీ:
ఉన్నాయి, తాత్కాలికంగా. ఇబుప్రొఫెన్ 5–7 రోజులు, లేదంటే ఈస్ట్రోజెన్ పడేవాళ్లకు కంబైన్డ్ మాత్రలు (ఈస్ట్రోజెన్ కూడా ఉన్న గర్భనిరోధక మాత్రలు) మూడు వారాలు. ఆపాక మళ్లీ మొదలవ్వచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా ఆ మాత్రలు ఇవ్వకూడదు. ఏది ఇచ్చే ముందైనా గర్భం, ఇన్‌ఫెక్షన్, పాలిప్ (గర్భాశయంలో పెరిగే చిన్న కండ) లేవని చూసుకోవాలి. ఇంకోటి: మొదటి మూడు నెలల్లో రక్తస్రావం పెద్దగా లేనివాళ్లకు తర్వాత కూడా దాదాపు అలాగే సాగుతుంది. మొదట్లో బాగా ఇబ్బందిపడ్డవాళ్లలో సుమారు సగంమందికి తగ్గుతుంది. మిగతా సగాన్ని "ఓపిక పట్టండి" అని పంపేయడం అన్యాయం.

గాటు_రెండు_మిల్లీమీటర్లు:
అసలు చిక్కు తీయడంలో ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. మాత్ర నచ్చకపోతే మానేస్తారు. కడ్డీకి ఇంకొకరి చెయ్యి కావాలి. నార్‌ప్లాంట్ అనే పాత ఇంప్లాంట్‌లో ఆరు గొట్టాలు, వాటిని తీయడానికి పడ్డ తంటాలు తెలిసినవే. ఇప్పుడున్నది 4 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే పుల్ల. సరిగ్గా చర్మం కిందే ఉంటే తీయడం తేలిక, లోతుకు దిగితే నరకం. అది పెట్టిన రోజే తేలిపోతుంది.

రోజూ వాడని చేతికి, పైచేయి లోపలివైపు పెడతారు. మోచేతి లోపలి ఎముక గుబ్బ నుంచి పైకి 8–10 సెం.మీ., అక్కడినుంచి బైసెప్స్, ట్రైసెప్స్ మధ్య గాడికి వెనక్కి 3–5 సెం.మీ. ఆ గాడి మీద పెట్టకూడదు, పెద్ద రక్తనాళాలూ నరాలూ దాని కిందే పోతాయి. మత్తు ఇచ్చాక సూది మొనను 30 డిగ్రీలు మించకుండా గుచ్చి, వెంటనే అప్లికేటర్‌ను (పుల్లను లోపల పెట్టే సూది పరికరాన్ని) చర్మానికి సమాంతరంగా దించాలి. ఆపై చర్మాన్ని సూదితో పైకి ఎత్తిపడుతూ మొత్తం లోపలికి పోనివ్వాలి. పక్కనుంచి, కూర్చుని చూస్తూ చేస్తే సూది కదలిక చర్మం కింద కనబడుతుంది. నిలబడి పైనుంచి చూస్తూ చేసేవాళ్లే కండలోకి దించేస్తారు. చివర్లో పుల్ల రెండు కొసలూ ముందు పెట్టినవాళ్ల వేలికి, తర్వాత పెట్టించుకున్నవాళ్ల వేలికి తగలాలి.

తీసేటప్పుడు భుజంవైపు కొసను నొక్కితే మోచేతివైపు కొస ఉబ్బుతుంది. మత్తు ఆ కొస కింద ఇవ్వాలి. పైన ఇస్తే వాపులో పుల్ల కనబడకుండా పోతుంది. 2 మి.మీ. నిలువు గాటు, చుట్టూ కట్టిన పొరను చీల్చి ఫోర్‌సెప్స్‌తో (పట్టకారుతో) లాగడం, బయటికొచ్చింది 4 సెం.మీ. ఉందో లేదో కొలవడం. తీయడం రానిచోట పెట్టకూడదని నా పట్టుదల.

సన్నజాజి:
అదే తర్కం ప్రకారం మూడు నెలలకోసారి వేసే డిపో అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇంకా ఘోరం కదండీ. వేశాక మూడు నెలలు వెనక్కి తీసే దారే లేదు, గర్భధారణ తిరిగి రావడానికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చు. పుల్ల తీశాక వారంలోపు రక్తంలో మందు జాడ దొరకదు.

గాటు_రెండు_మిల్లీమీటర్లు:
నిజమే. నేను పోల్చేది కాపర్ టీతో. పదేళ్లు పనిచేస్తుంది, హార్మోన్ లేదు, మామూలుగా దారం పట్టి లాగితే వచ్చేస్తుంది. అయితే నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకు అది ఇంకాస్త పెంచుతుంది.

నిద్రగన్నేరు:
వేరే జబ్బులకు వాడే మందుల సంగతి ఎవరూ అనలేదు. రిఫాంపిసిన్ (క్షయకు), కార్బమజెపిన్, ఫెనిటాయిన్ (మూర్ఛకు), ఎఫావిరెంజ్ (హెచ్‌ఐవీకి) లాంటివి కాలేయంలో హార్మోన్‌ను త్వరగా కరిగించేస్తాయి. వాడినన్నాళ్లూ, ఆపాక మరో 28 రోజులూ ఇంప్లాంట్‌ను నమ్ముకోకూడదు. మూర్ఛకే ఇచ్చే వాల్‌ప్రోయేట్‌తో ఈ గొడవ లేదు. పైగా ఆ మందు గర్భంలో బిడ్డకు ప్రమాదం కాబట్టి, అక్కడ సన్నజాజి గారి మాటే చెల్లుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉంటే మాత్రం ఇంప్లాంట్ ఊసే వద్దు.

సన్నజాజి:
సరే, "ముందు ఇంప్లాంటే" అన్నది "వాడే మందులు అడిగాక, తీసే ఏర్పాటు ఉన్నచోట" అని దిద్దుకుంటాను. అంతకుమించి తగ్గను.

కొత్త_సభ్యురాలు:
వేలికి తగలకపోతే ఏం చేయాలి?

గాటు_రెండు_మిల్లీమీటర్లు:
అది లోపల ఉందని తేలేవరకు కండోమ్ వాడాలి. బేరియం కలిపిన కడ్డీ అయితే ఎక్స్‌రేలో కనబడుతుంది. ఎంత లోతులో ఉందో చూడటానికి హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్. చేతిలో ఎక్కడా దొరక్కపోతే ఛాతీ ఎక్స్‌రే తీయాలి, చాలా అరుదుగా రక్తనాళంలో పడి ఊపిరితిత్తులదాకా పోయిన సందర్భాలున్నాయి. ఎక్కడుందో తెలియకుండా "కోసి వెతుకుదాం" అంటే ఒప్పుకోవద్దు.