"మతములన్నియు మాసిపోవును": గురజాడ ఏమన్నట్టు?

ప్రశ్న: "మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును" అన్నది గురజాడే. 'దేశభక్తి' గేయంలో "అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయి" అన్నదీ ఆయనే. మాసిపోయేవాటిని అన్నదమ్ముల్లా ఉండమనడం ఎందుకు? ఆయన అసలు అభిప్రాయం ఏది?

జవాబు: రెండూ ఆయన అభిప్రాయాలే. ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని మాత్రమే చెబుతున్నందువల్లే మనకు చిక్కు వస్తోంది. నాస్తిక సభల్లో మొదటిది వినిపిస్తుంది, మత సామరస్య సభల్లో రెండోది. మొదటిది 'ముత్యాల సరములు' అన్న కవితలోది. ముందు ఆ పద్యం పూర్తిగా చూద్దాం:

మతములన్నియు మాసిపోవును
జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును
అంత స్వర్గసుఖంబులన్నవి
యవని విలసిల్లున్

(చివరి పాదంలో ఉన్నది 'అవని', అంటే భూమి. సంధిలో యకారం వచ్చి 'యవని' అయింది.)

క్రియను గమనించండి. 'మాయు' అకర్మక క్రియ, దానంతట అదే జరిగేది. గోడ మీద రాత మాసిపోతుంది, దెబ్బ తగిలిన గుర్తు మాసిపోతుంది. మాయని మచ్చ అంటాం కదా, అదే మాట. ఎవరో పూనుకుని తుడిచిపెట్టాలన్న అర్థం కావాలంటే 'మాపు' ఉంది, 'రూపుమాపు' ఉంది. గురజాడకు ఆ మాటలు తెలియక కాదు. మతాలను రూపుమాపాలని ఆయన ఇక్కడ అనలేదు, మాసిపోతాయని అన్నారు. అది రాబోయే కాలం గురించిన ఊహ. 'దేశభక్తి'లో ఉన్నది 'మెలగవలెను', అంటే ఇప్పుడు మనం చేయాల్సిన పని. ఊహకూ కర్తవ్యానికీ పోటీ పెట్టడం సరికాదు. పైగా ఆ గేయంలోనే "మతం వేరైతేను యేమోయి" అని తేల్చి చెప్పారు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది. 'ముత్యాల సరములు' 1910 నాటి రచన. ఆ ఏడాది హాలీ తోకచుక్క కనిపించింది. తోకచుక్క పుడితే అరిష్టమని జనం భయం. ఈ కవిత తోకచుక్క చుట్టూ, కులాలు కలిసి చేసే పంక్తిభోజనాల చుట్టూ నడుస్తుంది. మామూలు హేతువాది అయితే తోకచుక్కకూ మన మంచిచెడ్డలకూ సంబంధం లేదని చెప్పి ఊరుకుంటాడు. గురజాడ దాన్ని భూమికి దూరపు బంధువన్నారు. సంఘ సంస్కరణ ప్రయాణానికి పతాకమన్నారు. అంటే శకునం చూసే అలవాటును తీసిపారేయలేదు. శకునాన్ని శకునంగానే ఉంచి, దాని ఫలితాన్ని తిరగరాశారు!

స్వర్గం విషయంలోనూ అదే జరిగింది. స్వర్గం లేదని ఈ పద్యంలో లేదు. స్వర్గసుఖాలు భూమ్మీదే వెలుస్తాయని ఉంది. మతం ఇచ్చిన మాటను మతానికి తిరిగి ఇచ్చేయకుండా, దాన్ని తెచ్చి మనుషుల మధ్య పెట్టారు. ఇదే కవితలో "కొత్త పాతల మేలు కలయిక" అన్నారు కదా, అది ఏదో మర్యాదకు అన్న మాట కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. మన ఆధునికత అంతా పడమటి నుంచి అరువు తెచ్చుకున్నదేనని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ నాలుగు పాదాలే గుర్తొస్తాయి.

ఇంకొకరి మాట: ఇక్కడ 'మతం' అంటే అభిప్రాయమేమో. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఉన్నది అదే. ఫలానావారి మతం ప్రకారం అని శాస్త్రగ్రంథాల్లో రాస్తారు. అప్పుడు అభిప్రాయాలు పోయి జ్ఞానం మిగులుతుందని అర్థం వస్తుంది, ఏ గొడవా ఉండదు.

జవాబు: ఆ పాత అర్థం నిజమే. 'జ్ఞానమొక్కటి' పక్కన అది చక్కగా అతుకుతుంది కూడా. కానీ గొడవ తప్పించుకోవడానికి దాన్ని వాడుకోవడం నాకు ఇష్టం లేదు. దీనికి ముందు పద్యంలో "వర్ణభేదము లెల్ల కల్లై" అని ఉంది. లోకమంతా ఒక ఇల్లయ్యే సంగతి చెబుతూ, మనుషులను విడదీసేవాటిని వరసగా పేర్కొంటున్నారు. ఆ వరసలో వచ్చిన మతం ఉత్త అభిప్రాయం ఎలా అవుతుంది? 'దేశభక్తి'లోనూ జాతుల పక్కనే మతాలు వచ్చాయి. కాబట్టి ఈ రోజు మనం ఏ అర్థంలో వాడుతున్నామో, ఆయనా ఆ అర్థంలోనే వాడారు. నచ్చనివాళ్లు ఆయనతో విభేదించవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆయన మాటను మెత్తబరచి మాత్రం చదవకండి.