పాత బ్లాక్‌బెర్రీ 957లో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందా?

అమెరికాలో ఉండే మా బాబాయి దగ్గర్నుంచి రిమ్ 957 (రిమ్ అంటే బ్లాక్‌బెర్రీ తయారు చేసిన కంపెనీ) వచ్చింది, కంప్యూటర్‌కి కలిపే స్టాండ్, అదే క్రేడిల్ కూడా ఉంది. ఇందులో గేమ్స్, నోట్స్ లాంటివి బయటివి వేసి చూద్దామని, నెట్‌లో దొరికిన .కాడ్ ఫైల్స్ (బ్లాక్‌బెర్రీ యాప్ ఫైల్స్) పనికొస్తాయా? ఎవరైనా ట్రై చేశారా?

↳ పనికిరావు బ్రో. .కాడ్ అంటే జావా మోడల్స్‌వి, అవి 2002లో బ్లాక్‌బెర్రీ 5810 మోడల్‌తో మొదలయ్యాయి. నీది ఇంటెల్ 386 చిప్ మీద నడిచేది, దానికి సీ++లో రాసిన .డీఎల్ఎల్ ఫైల్సే కావాలి, 957కి అని స్పష్టంగా రాసి ఉన్నవే వెతుకు.

↳ పైన అన్నది కరెక్టే. ఇంకోటి, మొత్తం ఫ్లాష్ మెమరీ 5 ఎంబీనే, మెయిల్, అడ్రస్ బుక్ అన్నీ అందులోనే సర్దుకోవాలి కాబట్టి ఏది పడితే అది వేయకండి, ముందు బ్యాకప్ తీసుకోండి. క్రేడిల్ సీరియల్ పోర్ట్‌ది, ఇప్పటి ల్యాప్‌టాప్‌కి కన్వర్టర్ కేబుల్ కావాలి, చవకవాటితో నాకైతే విసుగొచ్చింది.

↳ థాంక్స్ అన్నా. మరి మెయిల్ వస్తుందా?

↳ రాదు, అది మోబిటెక్స్ అనే పాతకాలం వైర్‌లెస్ డేటా నెట్‌వర్క్ మీద నడిచేది, ఇప్పటి మొబైల్ నెట్‌వర్క్‌లకి కలవదు, సిమ్ స్లాటే లేదు కదా 😄 ఆఫ్‌లైన్ గేమ్స్ ఆడుకో.