రాత్రిపూట కారు లోపలి అద్దం మీట తిప్పితే పైకప్పు మాత్రమే కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న (నల్గొండ):
అందరికీ నమస్కారం. వారానికి రెండుసార్లు రాత్రి పూట నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదుకు కారు నడుపుకుంటూ వెళ్తాను. చౌటుప్పల్ దాటే వరకు వెనుక వచ్చే లారీల హై బీమ్ లోపలి అద్దంలో పడి నేరుగా కళ్లలో కొడుతోంది; కొన్ని క్షణాల పాటు ముందున్న రోడ్డే కనిపించడం లేదు. అద్దం కింద ఉన్న చిన్న మీటను తిప్పితే వెలుగు తగ్గుతుందని మిత్రులు చెప్పగా తిప్పి చూశాను. వెలుగు తగ్గడం కాదు, వెనుక దృశ్యమే పోయి కారు పైకప్పు కనిపిస్తోంది. అద్దం పాడైందా?

జవాబు (మిర్యాలగూడ):
ముందుగా ఆ అద్దం నిర్మాణం చెబుతాను. దాని గాజుకు రెండు ముఖాలూ సమాంతరంగా ఉండవు. గొడ్డలి కామలో దిగగొట్టే చీలలాగా ఒక అంచు మందంగా, మరో అంచు పలుచగా ఉంటుంది. వెనుక ముఖానికి వెండి రంగు పూత ఉంటుంది కాబట్టి పడిన వెలుగులో అధిక భాగాన్ని అదే తిప్పి పంపుతుంది. ముందు ముఖం ఉత్త గాజే అయినా, తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని అదీ ప్రతిఫలిస్తుంది. ముఖాలు ఏటవాలుగా ఉన్నందువల్ల ఈ రెండు ప్రతిబింబాలూ వేర్వేరు దిక్కులకు పోతాయి. పగలు మనం చూసేది పూత ఇచ్చే ప్రతిబింబం. మీట తిప్పినప్పుడు అద్దం కొద్ది డిగ్రీలు వంగి, పూత మీది బలమైన వెలుగు మన కంటికి తప్పిపోతుంది, ఆ 4 శాతం వెలుగు మాత్రమే కంటికి చేరుతుంది. అప్పుడు పూతలో మనకు కనిపించేది పైకప్పే అయినా, రాత్రి అది చీకటిగా ఉంటుంది కనుక దానిపై లారీ లైట్లు తక్కువ వెలుగుతోనే అయినా స్పష్టంగా కనిపించాలి. మీకు అవి అసలే కనిపించడం లేదంటే, అసలు అద్దం మీద వెడల్పాటి క్లిప్పు అద్దం ఏదైనా తగిలించారా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, పక్క లేన్లు కూడా కనిపిస్తాయని గత ఏడాది ఒకటి తగిలించాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని తట్టలేదు.

జవాబు (జడ్చర్ల):
కారణం అదే. ఆ క్లిప్పు అద్దం గాజు అంతటా ఒకే మందంతో ఉంటుంది కాబట్టి, మీట తిప్పగానే రెండు ప్రతిబింబాలూ కలిసే పక్కకు తిరిగిపోతాయి. కంటికి ఏదీ మిగలదు. దాన్ని తీసివేసి, మీటను పగటి స్థితిలో ఉంచి, వెనుక గాజు మొత్తం కనిపించేలా అద్దాన్ని సరిచేసుకోండి. రాత్రి స్థితిలో సరిచేస్తే పగలు చూపు తప్పుతుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీట తిప్పి ఉన్నప్పుడు వెనుక వాహనం ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం కష్టం. లేన్ మారే ముందు ఒక్కసారి మీటను పగటి స్థితికి తెచ్చి చూడటం మంచిదని నా అభిప్రాయం. చాలా కార్లలో బయటి అద్దాలు కుంభాకారంగా ఉండి వాహనాలను చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు చూపిస్తాయి. అందుకే దూరం తేల్చుకోవడానికి సమతలమైన లోపలి అద్దాన్నే నమ్మాలి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి క్లిప్పు అద్దం తీసి వెళ్లాను. మీట తిప్పాక వెనుక లారీ రెండు లైట్లూ చిన్న దీపాల్లా కనిపించాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.